మిస్టీరియస్‌లీ సుందరరామయ్య

పత్తర్‌గట్టి రాతి కమానుల కింద గౌస్‌మియా గడియారాల దుకాణం ఉండేది. దాని ముందు అరుగు మీద ఓ చెక్కబల్ల, బల్ల మీద పాత రెమింగ్టన్ టైపు మిషను, మిషను వెనక సుందరరామయ్య. డెబ్భై తొమ్మిదో సంవత్సరం నాటికి ఆయన అక్కడ కూర్చోబట్టి పదకొండేళ్లు. సర్కారుకి ఇంగ్లీషులో అర్జీ పెట్టుకోవాలంటే మొఘల్‌పురా నుంచి బేగంబజార్ దాకా ఎవరినడిగినా ఆ అరుగే చూపించేవారు. పేరడిగితే సగం మందికి తెలియదు. "మిస్టీరియస్‌లీ తాత" అంటే మాత్రం రిక్షావాడు నేరుగా తీసుకొచ్చి దింపేవాడు.

ఆ బిరుదు ఊరికే రాలేదు. ఆయన చేతి మీదుగా వెళ్లిన ప్రతి అర్జీలోనూ ఆ మాట ఒక్కసారైనా ఉండి తీరేది. రేషను కార్డు మిస్టీరియస్‌లీ కనబడకుండా పోయింది. కుళాయి మిస్టీరియస్‌లీ ఆగిపోయింది. పింఛను కాగితంలో పేరు మిస్టీరియస్‌లీ మారిపోయింది. ఎలా జరిగిందో, ఎవరి వల్ల జరిగిందో మనిషి బుద్ధికి అందకుండా, మర్మంగా అని ఆ మాటకి అర్థం. నిజానికి కార్డు ఏ బల్ల దగ్గర పోయిందో అర్జీదారుకి తెలుసు, రాసే సుందరరామయ్యకీ తెలుసు. తెలిసినా రాయకూడదు. కిటుకంతా అక్కడే ఉంది.

"మీ గుమాస్తా నా కాగితం పారేశాడని రాస్తే ఏవవుతుంది?" అని కొత్తగా వచ్చినవాళ్లని అడిగేవాడు. "ఆ అర్జీ తిరిగి తిరిగి ఆ గుమాస్తా బల్ల మీదికే వస్తుంది. వాడు దాని మీద పీట వేసుకు కూచుంటాడు. అదే, మిస్టీరియస్‌లీ పోయిందీ అన్నామనుకో, వాడి పరువు వాడికి దక్కుతుంది. సాయంత్రానికల్లా కాగితం బీరువా వెనకాల దొరుకుతుంది. అది కూడా మిస్టీరియస్‌లీనే!"

అని తనే నవ్వేవాడు. అవతలివాళ్లకి సగం అర్థమై, సగం కాక, పెద్దాయన నవ్వాడు కదా అని వాళ్లూ నవ్వేవారు.

ఈ మాట ఆయనకి పదమూడో ఏట అబ్బింది. బాపట్ల తాలూకాలో ఓ పల్లె, ఆ పల్లెలో రెండు గదుల బడి, ఆ బడిలో ఉమాపతి మేష్టారు. ఎనిమిదో తరగతితో ఆ బడీ అయిపోయేది, సుందరరామయ్య చదువూ అయిపోయింది. ఓ ఏడు స్కూళ్ల ఇన్‌స్పెక్టరు పంచెకట్టు మీద నల్లకోటు తొడుక్కుని బండి దిగాడు. నల్లబల్ల మీద ఆ పెద్ద ఇంగ్లీషు మాట రాసి, దీన్ని వాక్యంలో పెట్టగలవాడెవడని అడిగాడు. తరగతిలో ఒక్కడు లేస్తే ఒట్టు. సుందరరామయ్య లేచాడు. ఒకటి కాదు, అయిదు వాక్యాలు చెప్పాడు. ఎద్దు మిస్టీరియస్‌లీ మాయమైంది. దీపం మిస్టీరియస్‌లీ ఆరిపోయింది. బావి మిస్టీరియస్‌లీ ఎండిపోయింది. ఆఖరి రెండూ తర్వాత్తర్వాత మారుతూ వచ్చాయి గాని, మొదటి మూడూ ఎప్పుడడిగినా అవే. ఇన్‌స్పెక్టరు తన జేబులోంచి ఎర్రనీలి పెన్సిలు తీసి చేతిలో పెట్టాడు. పట్నాల్లో బి.ఏ.లు చదివినవాళ్లకి కూడా అలాంటి పెన్సిలు దక్కలేదని సుందరరామయ్య నమ్మకం.

అక్కడి నుంచి ఆయన సాధించినవి ఒకటీ రెండూ కావు. వాటిని వరసలో చెప్పేవాడు, వరస తప్పితే మళ్లీ మొదటికి వచ్చేవాడు. ఊళ్లోకి వచ్చిన మొదటి టెలిగ్రాము చదివి అర్థం చెప్పింది ఆయనే. టైపు పరీక్షకి గుంటూరు నడిచివెళ్లి ప్యాసైంది ఆయనే. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డాక హైదరాబాదు వచ్చి, సర్కారు రికార్డు గదిలో పన్నెండేళ్లు పనిచేసి, ఒక్క ఫైలు కూడా పోనివ్వకుండా దిగిపోయింది ఆయనే. అరవై రెండులో మొఘల్‌పురా సందుకి కుళాయి వచ్చింది ఆయన అర్జీ మీద. డెబ్భై ఒకటిలో వాసవాంబ అనే పింఛనుదారు చచ్చిపోయినట్టు సర్కారు రాసుకుంటే, ఆవిణ్ని బతికించింది ఆయన రాసిన పేజీన్నర.

"యముడు తీసికెళ్లినవాళ్లని సావిత్రి తెచ్చింది. సర్కారు తీసికెళ్లినవాళ్లని నేను తెచ్చాను" అనేవాడు.

ఇవన్నీ వినడానికి అరుగు మీద మనుషులు ఉండేవారు. టైపు అయ్యేదాకా ఎక్కడికీ పోలేరు కదా! ఇంటి దగ్గరే ఎవరూ లేరు. భార్య శారదాంబ డెబ్భై మూడులో పోయింది. పిల్లలు లేరు. మొఘల్‌పురాలో ఓ పాత ఇంటి మేడ మీద ఒంటిగది. కిరసనాయిలు స్టవ్వు మీద గ్లాసుడు బియ్యం ఉడికించుకోవడం, తినడం, గిన్నె కడిగి బోర్లించడం, అంతటితో సంసారం సరి. ఇంగ్లీషు తుప్పు పట్టకుండా గదిలో పైకే వాక్యాలు చెప్పుకునేవాడు. పాలు మిస్టీరియస్‌లీ పొంగిపోయాయి. చెప్పు మిస్టీరియస్‌లీ తెగింది. కింది వాటావాళ్లు మొదట్లో ఎవరైనా చుట్టాలు వచ్చారేమో అనుకునేవారు. శారదాంబ గురించి మాత్రం ఏ వాక్యమూ చెప్పుకోలేదు. ఆవిడ ఎలా పోయిందో డాక్టరు విడమరిచి చెప్పాడు, అందులో మర్మం ఏమీ లేదు. ఆ మాట పట్టని వాక్యం ఎలా మొదలెట్టాలో ఆయనకి తెలియదు.

శుక్రవారం గౌస్‌మియా దుకాణం మూత. ఆదివారం ఆఫీసులు మూత. అయినా ఆ రెండు రోజులూ సుందరరామయ్య వచ్చి మిషను ముందు కూర్చునేవాడు. ఇంట్లో కూర్చుంటే గోడ కనబడుతుంది, ఇక్కడ దారిన పోయేవాళ్లయినా కనబడతారు.

ఆ ఏడు వానాకాలంలో, జులై నెల నడుమ, కాశమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. తడిసిన కొంగు పిండుకుని, అరుగు చివర కూర్చుని, దండం పెట్టింది.

"తాతా, నా పెనిమిటి సచ్చిపోయి ఇరవై దినాలైంది. బేగంబజార్ ఎన్క సర్కారు బియ్యం గోదాంల హమాలీ పర్మనెంటు నౌకరి. గా నౌకరి బదులు నాకు ఊడ్సే పనైనా ఇయ్యమని కాయితం రాయాలె."

"పేరు?"

"కాశమ్మ."

"మీ ఆయన పేరు?"

కాశమ్మ తల దించుకుంది. "మొగని పేరు ఎట్ల చెప్త తాతా?"

"పోయాక కూడానా?"

"పోతే మొగడు గాకుండ పోతడా? ముక్కంటి దేవుని పేరు, నువ్వే సమజ్ చేస్కో."

"శివుడా? శివయ్యా?"

ఆమె అవునన్నట్టు తల ఊపింది. సుందరరామయ్య రెండు కార్బన్లు, మూడు కాగితాలు సర్ది మిషనులోకి ఎక్కించాడు. కాశమ్మ గొంతు సవరించుకుంది.

"ఎట్ల సచ్చిండంటే తాతా, గా దినం పొద్దుగాల వాన..."

"ఉండమ్మా, ఉండు. నాకు తెలుసు. ఇలాంటివి ఎన్ని రాశాననుకున్నావు? వాసవాంబ అని ఒకావిడ ఉండేది..."

ఆయన వాసవాంబని బతికించడం మొదలుపెట్టాడు. వేళ్లు వాటి పని అవి చేసుకుపోయాయి. అర్జీ మొదట గోదాం ఆఫీసరు చేతిలో పడుతుంది. గోదాంలో చచ్చిపోయాడంటే ఏదో మీద పడే ఉంటుంది. ఫలానాది పడిందని రాస్తే ఆ ఆఫీసరుకి మండుతుంది, పై ఆఫీసుకి పంపకుండా తొక్కిపెడతాడు. అందుకని ఆయన పదకొండేళ్ల అలవాటు చొప్పున రాశాడు: అర్జీదారు భర్త డ్యూటీలో ఉండగా గోదాములో మిస్టీరియస్‌లీ మరణించెను. వాసవాంబ కథ, అర్జీ ఒక్కసారే పూర్తయ్యాయి.

"గా పెద్ద మాట ఏసినవా తాతా?" అంది కాశమ్మ వేలిముద్ర వేస్తూ. ఆ మాట సంగతి ఆమె కూడా వినే వచ్చింది.

"వేయకుండానా!"

ఆమె మొహంలో కాస్త ధైర్యం వచ్చింది. కాగితాలు కొంగులో చుట్టి గుండెకి ఆనించుకుని వానలోకి దిగింది.

సెప్టెంబరు మొదటి వారంలో మళ్లీ వచ్చింది. ఈసారి చేతిలో సర్కారు కవరు. సుందరరామయ్య కళ్లజోడు తుడుచుకుని, గట్టిగా చదవబోయి, రెండో వాక్యం దగ్గర గొంతు ఆపాడు. మిగతాది లోపలే చదువుకున్నాడు.

భర్త మరణం మర్మంగా జరిగిందని అర్జీదారే స్వయంగా రాసింది గనక, మరణ కారణం తేలేదాకా ఉద్యోగం సంగతి ఆలోచించడానికి వీల్లేదు. విచారణ కోసం పోలీసువారికి రాయడమైనది. నెలాఖరులోగా విషయం తేలని పక్షంలో ఆ ఖాళీని వేరొకరితో నింపడమవుతుంది. కింద పై ఆఫీసు అధికారి శ్రీహరిరావు అని సంతకం. ఆ పేరు సుందరరామయ్య ఎప్పుడూ వినలేదు, కొత్తగా బదిలీ అయి వచ్చినవాడు కాబోలు. పాతవాళ్లయితే ఆ మాట కనబడగానే ఇది సుందరరామయ్య కాగితం అనుకుని దాటిపోయేవారు. ఈయన ఆ మాటని చదివాడు.

"ఏమున్నది తాతా? నౌకరొచ్చిందా?"

"ఇంకో కాగితం కావాలంటున్నారు. వారం ఆగి రా."

"ఏం కాయితం?"

"నేను చూసుకుంటాలే. వెళ్లు."

ఆమె వెళ్లింది. సుందరరామయ్య ఉత్తరం మడిచి మిషను కింద పెట్టాడు. ఆ పూట ఇద్దరు వచ్చి అర్జీలు అడిగితే మిషను బాగాలేదని పంపేశాడు. మిషను నిక్షేపంలా ఉంది.

గౌస్‌మియా కంటికి భూతద్దం బిగించుకుని, ఓ చేతిగడియారం పొట్ట విప్పుకుని కూర్చున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు. "క్యా హువా పంతులూ? పొద్దుగాల్నుంచి ఒక్క కథ చెప్తలేవు. నాకు పని సాగుతలేదు."

సుందరరామయ్య చెప్పాలా వద్దా అని కాసేపు చూసి, చెప్పాడు. ఆ శ్రీహరిరావుకి ఇంగ్లీషు రాదనీ, అర్జీ మర్యాద తెలియదనీ, తన కాలంలో అయితే ఇలాంటివాణ్ని రికార్డు గదిలోకి కూడా రానిచ్చేవాళ్లు కాదనీ చెప్పాడు. గౌస్‌మియా భూతద్దం తీశాడు.

"అదంత సరే. ఆమె మొగడు ఎట్ల సచ్చిండు?"

సుందరరామయ్య మిషను కింది ఉత్తరం బయటికి లాగి, మళ్లీ లోపలికి తోశాడు.

"నై మాలూమ్? తెల్వదా?" అన్నాడు గౌస్‌మియా. "అరె పంతులూ! నా తాన గడియారం పెట్టి ఆగిపోయింది సాబ్ అంటరు. ఎన్క మూత తీసి సూడకుండ నేను ఏమన్న చెప్తనా? నువ్వు మూత తియ్యకుండనే సర్కారుకు చిట్టీ రాసినవా?"

"నీ గడియారాలూ నా అర్జీలూ ఒకటేనటయ్యా?"

"గడియారం ఖరాబైతే టైము తప్పు చూపిస్తది. గంతే గద. గీమె సంగతి గట్లనా?"

సుందరరామయ్య మిషను మీద గుడ్డ కప్పి, పెందరాళే ఇంటికి వెళ్లిపోయాడు. మర్నాడు శుక్రవారం, దుకాణం మూత; ఆ మర్నాడు గౌస్‌మియాతో మాట్లాడలేదు. ఊరు మొత్తంలో ఆయన్ని పలకరించే మనిషి ఆ ఒక్కడే. ఆ ఒక్కడితోనూ మాట లేకపోయేసరికి, శనివారం సాయంత్రం గదిలో స్టవ్వు వెలిగిస్తుంటే తెలిసింది, ఆ రెండు రోజులూ తను ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదని. గొంతు ఉందో లేదో చూసుకోవడానికి దగ్గి చూసుకున్నాడు. ఇంగ్లీషు వాక్యం చెప్పుకుందామంటే నాలుక ఆ పెద్ద మాట దగ్గరికి వెళ్లి వెనక్కి వచ్చేసింది.

ఆదివారం పొద్దున్నే ఉతికిన లాల్చీ వేసుకుని, గొడుగు తీసుకుని, బేగంబజార్ వెనక గల్లీల్లో కాశమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. పదకొండేళ్లలో అర్జీదారు ఇంటికి ఆయన వెళ్లడం అదే మొదలు. రేకుల కప్పు, ఒక్క గది, ముందు చిన్న వాకిలి. వాకిట్లో ఓ మూల ముసలమ్మ గోడవేపు తిరిగి కూర్చునుంది. ఆవిడ శివయ్య తల్లి మాణిక్యమ్మ. కాశమ్మ పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చింది. మొహం వాచి ఉంది.

"వారం కాలే గద తాతా, ఇంటికే వచ్చినవ్?"

"ఓ సంగతి అడగడానికి వచ్చానమ్మా. మీ ఆయన ఎలా పోయాడు?"

కాశమ్మ ఆయన్ని కింద నుంచి మీద దాకా చూసింది.

"గిప్పుడు అడుగుతున్నవా? కాయితం రాసినంక, రెండు నెల్లు పోయినంక! నిన్న పోలీసోడు వచ్చి గదే అడిగిండు. నీ మొగడు ఎట్ల సచ్చిండు, ఇంట్ల లొల్లి అయిందా, పొద్దుగాల ఏం తినపెట్టినవ్ అని. గల్లీ మొత్తం నిలబడి ఇన్నది. నిన్నటికెల్లి మా అత్త నా చేతి బువ్వ ముడుతలేదు. గటు సూడు, గోడ దిక్కు తిరిగి కూసున్నది."

సుందరరామయ్య గొడుగు గోడకి ఆనించాడు. వాకిట్లో ఉన్న ఇటుక మీద కూర్చున్నాడు.

"చెప్పమ్మా. మొదటి నుంచి చెప్పు."

కాశమ్మ చెప్పింది. ఆ పొద్దున వాన. బియ్యం లారీలు వరసగా వచ్చాయి. బయట దించితే తడుస్తాయని, లోపల చోటు లేకపోయినా దించమన్నాడు గోదాం ఆఫీసరు. పద్నాలుగు బస్తాల ఎత్తు దాటకూడదని గోడ మీదే రాసి ఉంది. ఆ రోజు ఇరవై రెండు బస్తాల ఎత్తు పేర్చారు. పడిపోతుంది సారూ అని శివయ్య అన్నాడు. నీ పని నువ్వు చూసుకో అన్నారు. మధ్యాహ్నం కింది వరసలో తడిసిన బస్తా ఒకటి లాగమంటే శివయ్య వంగాడు. దొంతర మొత్తం మీదికి వచ్చింది. పక్కనే ఉన్న ప్రకాశం అనే హమాలీ బస్తాలు తోసి బయటికి లాగాడు. ఆస్పత్రిలో పొద్దుగూకేదాకా తెలివిలోనే ఉన్నాడు.

"చాయ్ అడిగిండు తాతా. డాక్టరు ఇయ్యద్దన్నడు. నేను ఇయ్యలే. ఇచ్చినా బతికెటోడు కాదంట, గది తర్వాత చెప్పిన్రు. అప్పట్నుంచి నేను చాయ్ తాగుతలేను."

ఇంతసేపు ఎవరి మాటకీ అడ్డం రాకుండా కూర్చోవడం సుందరరామయ్యకి కొత్త. లాల్చీ జేబులోంచి కాగితం ముక్క తీసి, దాని మీద ముత్యాల్లాంటి తెలుగులో రాసుకున్నాడు: వాన, పద్నాలుగు, ఇరవై రెండు, ప్రకాశం. చాయ్ అని కూడా రాశాడు. తర్వాత కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని, ఉత్తరంలో ఏముందో, తను ఏ మాట రాశాడో, ఆ మాటకి అర్థమేమిటో, మొన్న ఎందుకు అబద్ధం చెప్పాడో వరసగా చెప్పాడు.

కాశమ్మ పొయ్యిలో కట్టె వెనక్కి లాగి వచ్చింది.

"గా పెద్ద మాటకు గిదా అర్థం?" అంది. "నేను మంచిదనుకున్న. అందరికి ఏసినవంటే, నాకు గుడ ఏసినవా అని అడిగి మరీ..."

గోడవేపు నుంచి మాణిక్యమ్మ గొంతు వినబడింది. "ఎవలు రాసిన్రు?"

"నేనేనమ్మా" అన్నాడు సుందరరామయ్య లేచి నిలబడి. "మీ కోడలు ఆ మాట అనలేదు. ఆవిడ చెప్పబోతే నేనే చెప్పనివ్వ... నేనే వినలేదు."

ముసలమ్మ ఇటు తిరగలేదు. కానీ తలమీది కొంగు సర్దుకుంది.

మర్నాడు అరుగు మీద గౌస్‌మియా ముందుగానే పలకరించాడు. "మూత తీసినవా పంతులూ?" సుందరరామయ్య తల ఊపాడు. గౌస్‌మియా రెండు చాయ్‌లు చెప్పాడు.

ఆ రోజే కొత్త అర్జీ టైపు చేశాడు. వాన, లారీలు, పద్నాలుగు, ఇరవై రెండు, ఎవరు పేర్చమన్నారో ఆ హోదాతో సహా. ఏ పేరూ దాచకుండా ఇంగ్లీషు రాయడం కష్టమనిపించింది. నాలుగుసార్లు కాగితం మార్చాడు. సాయంత్రం ప్రకాశం వచ్చి చదివించుకున్నాడు. మెడలో సిలువ, భుజం మీద గోనెపట్టా, ఆజానుబాహుడు.

"గోదాం సారు పేరు రాసినవ్ గద పెద్దాయనా, నా నౌకరికి ఎసరు" అన్నాడు.

"వద్దంటే నీ పేరు తీసేస్తానయ్యా."

ప్రకాశం బొటనవేలు సిరాలో ముంచాడు. "శివయ్యను గుంజింది నేనే. పేరు తీసేస్తే ఎవడు గుంజిండంటవ్? ఏసేయ్."

వారం తిరక్కుండా పై ఆఫీసులో విచారణకి పిలిచారు. పెద్ద హాలు, చుట్టూ గుమాస్తాలు, మధ్యలో శ్రీహరిరావు. నలభై దాటని మనిషి, మాట నెమ్మది. కాశమ్మ తలుపు పక్కన నిలబడింది. గోదాం ఆఫీసరు కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ప్రకాశం చెప్పేది చెప్పాడు. గోదాం ఆఫీసరు ఒక్కటే పట్టుకున్నాడు.

"సార్, మొదటి అర్జీలో మర్మం అన్నారు. ఇప్పుడు బస్తాలు అంటున్నారు. ఎవరో నేర్పించినట్టుంది సార్."

శ్రీహరిరావు సుందరరామయ్యవేపు తిరిగాడు. "కూర్చోండి పెద్దవారు. మొదటిది రాసింది మీరేనా?"

"నేనేనండి."

వెనక బల్ల దగ్గర ఎవరో "మిస్టీరియస్‌లీ" అన్నారు. గుమాస్తాలు నవ్వారు. ఆ నవ్వులో రెండు మూడు సుందరరామయ్య ఎరిగినవే. పదకొండేళ్లు ఆ నవ్వుని ఆయన మెచ్చుకోలనుకున్నాడు.

"భర్త మర్మంగా చనిపోయాడని ఆవిడ మీతో చెప్పిందా?"

"లేదండి."

"మరి ఎలా చనిపోయాడని చెప్పింది?"

"చెప్పబోయిందండి. నేను అడ్డం వచ్చాను. ఎలా పోయాడో నేను అడగలేదు."

"అడక్కుండానే రాశారా?"

"పదకొండేళ్లుగా అలాగే రాశానండి. ఎవరినీ నొప్పించని మాట అని రాశాను. ఇందులో ఆవిడ తప్పేం లేదు. ఆ మాట నాది."

శ్రీహరిరావు ఓ తెల్లకాగితం ఆయన ముందుకి జరిపాడు.

"ఇప్పుడన్నది రాసి సంతకం పెట్టండి. కానీ ఒకటి. ఇది ఫైల్లో ఉంటుంది. ఇకనుంచి మీరు రాసిన ఏ అర్జీ వచ్చినా, ఇది నిజంగా అర్జీదారు మాటేనా అని ఇక్కడివాళ్లు అడుగుతారు. అడగాలి కూడా. అది ఆలోచించుకునే రాయండి."

సుందరరామయ్య కలం మూత తీశాడు. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాశాడు. నాలుగు పొట్టి వాక్యాలు. ఆయన జీవితంలో అంత చిన్న కాగితం ఎప్పుడూ రాయలేదు. సంతకం దగ్గర కూడా అక్షరం చెదరలేదు.

సంగతి అరుగు కంటే ముందే ఊళ్లోకి పాకింది. తాత అడక్కుండా రాస్తాడంట అని కొందరు, తాత కాగితం చూస్తే ఆఫీసులో నవ్వుతున్నరంట అని కొందరు. వంతెన అవతల కొత్తగా కూర్చున్న టైపిస్టు దగ్గర వరస పెరిగింది. సుందరరామయ్య దగ్గరికి రోజుకి ఒకరో ఇద్దరో వచ్చేవారు. కొన్ని రోజులు అదీ లేదు. ఎదురుగా కూర్చుని వినే మనిషి లేక, టెలిగ్రాము దగ్గర మొదలుపెట్టిన వరస గుంటూరు దాకా వెళ్లకుండానే ఆగిపోయేది. గౌస్‌మియా ఓసారి తనే అందించాడు, "వాసవాంబ సంగతి చెప్పు పంతులూ" అని. సుందరరామయ్య మొదలుపెట్టి, ఆ వాసవాంబ ఏ వీధిలో ఉండేదో, ఆ పింఛను లేని ఏడాది ఏం తిని బతికిందో తను ఎప్పుడూ అడగలేదని తట్టి, మధ్యలో మానేశాడు.

అక్టోబరు ఒకటో తారీఖు, సోమవారం. పొద్దున తొమ్మిది కాలేదు. కాశమ్మ కమాను కింద నుంచి పరుగులాంటి నడకతో వచ్చింది. చేతిలో కవరు.

"శనివారం గోదాంల ఇచ్చిన్రంట, నిన్న పొద్దుగూకంగ ప్రకాశం అన్న తెచ్చిచ్చిండు తాతా. నౌకరొచ్చింది అన్నడు. ఆయన అన్నడు గని, నువ్వు సదువు. ఒక్క ముక్క ఇడ్వకుండ సదువు."

సుందరరామయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు. ఇంగ్లీషులో ఓ వాక్యం చూసుకోవడం, తెలుగులో చెప్పడం. శివయ్య డ్యూటీలో ఉండగా, పరిమితికి మించి పేర్చిన బస్తాలు మీద పడి మరణించినట్టు తేలింది. భార్య కాశమ్మ మీద ఏ అనుమానమూ లేదు. గోదాం ఆఫీసరు మీద విడిగా చర్య తీసుకోబడును.

మూడో పేరా దగ్గర ఆగాడు. ఆ పేరా తన గురించి. దాటేసినా కాశమ్మకి తెలియదు, ఆమెకి చదివిపెట్టే మరో మనిషి లేడు. అరుగు మీద వేరే ఎవరూ లేరు, గౌస్‌మియా ఇంకా షట్టరు ఎత్తుతున్నాడు.

"ఏమున్నది తాతా?"

"ఇందులో... 'మొదటి అర్జీలో వచ్చిన పొరపాటు అర్జీ రాసిన సుందరరామయ్య అనే వ్యక్తిది. అతడు అర్జీదారును విచారించకుండా, తన అలవాటు చొప్పున, అర్థం ఆలోచించకుండా ఆ మాట వాడినట్టు స్వయంగా ఒప్పుకున్నాడు. అందువల్ల అర్జీదారుకు అకారణంగా కష్టము కలిగినది.'"

చదివి ఆమె మొహం వంక చూశాడు.

"గిది గుడ రాసిన్రా?" అంది కాశమ్మ. కాగితం కిందివైపు చూసి, "రాయనీ. అయింది గద" అంది. "నౌకరి సంగతి ఏడున్నది? గది సదువు."

"ఇదిగో. 'ఊడ్చే పనిలో నియమించడమైనది. అక్టోబరు ఒకటో తారీఖున ఉదయం పది గంటలకు హాజరు కావలెను.'"

"ఒకటంటే ఇయ్యాల్నే గద!"

కాశమ్మ కవరు లాక్కున్నంత పని చేసి, మడిచి, లేచింది. జులైలో ఆ అరుగు చివర తడికొంగుతో కూర్చున్న మనిషి, రెండంగల్లో రోడ్డు మీద ఉంది. సుందరరామయ్య కూడా లేచి కమాను దాకా వచ్చాడు. ఇంకేదో మాట్లాడాలని ఉంది, ఏమిటో తెలియలేదు.

"కాశమ్మా!" అని పిలిచాడు. "మధ్యాహ్నానికి ఏమైనా కట్టుకున్నావా?"

ఆమె నడుస్తూనే వెనక్కి తిరిగి, చేతిలో గుడ్డ మూట ఎత్తి చూపించింది.

"మా అత్త కట్టింది తాతా!"

నది వేపు పోయే జనంలో ఆమె కలిసిపోయింది. పని దొరికాక మళ్లీ ఈ అరుగు దగ్గరికి రావాల్సిన అవసరం ఆమెకి లేదు. సుందరరామయ్య కాసేపు అక్కడే నిలబడి, బల్ల దగ్గరికి వచ్చి, మిషను మీది గుడ్డ తీసి, మడత పెట్టి, కూర్చున్నాడు.